లేబుల్ మీద లేనిది

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయికి వీధిలో చిటపట అని పేరు. పెట్టింది నేనే కాబట్టి ఇక్కడా అలాగే పిలుస్తాను. తిట్టుగా పెట్టిన పేరు కాదు. ఆమె మెట్లు దిగుతుంటే కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టే ఉంటుంది మరి. పొద్దున్నే కూరగాయల బండి వస్తుంది. మేమందరం ధర దగ్గర ఆగిపోతాం. తను మాత్రం ఒక క్యాబేజీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "దీనికి మందు ఎప్పుడు కొట్టారయ్యా? కొట్టాక ఎన్నాళ్ళు ఆగి కోశారు?" అని నిలదీస్తుంది. "నేను అమ్మేవాణ్ణమ్మా, పండించేవాణ్ణి కాదు" అంటాడు వాడు. "తినేదాన్ని నేను కదయ్యా!" అని క్యాబేజీ బండిలో పడేసి విసవిసా వచ్చేస్తుంది. వాడికి మిగతా వీధంతా తిరిగే ఓపిక అక్కడే అయిపోతుంది.

ఆమె మొగుడు టైలర్. మా ముందుగదిలోనే మిషను పెట్టుకున్నాడు. సూదికి కూడా నొప్పి తగలకుండా కుట్టే రకం. ఈ ఇద్దరూ ఒక కప్పు కింద ఎలా ఉంటున్నారా అని నాకు మొదటి నుంచీ సందేహం. సందేహం వస్తే దాచుకోవడం నాకు చేతకాదు, అడిగేశాను. "ఆవిడ కోప్పడుతుంది, నేను కుడతాను పిన్నిగారూ. ఎవరి పని వాళ్ళది" అన్నాడు తలెత్తకుండా.

ఆమె ఉద్యోగం పురుగుమందులు పరీక్ష చేసే ప్రభుత్వ ప్రయోగశాలలో. సాయంత్రం ఇంటికి రాగానే ఎవరినీ ముట్టుకోదు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, మెట్ల కింద పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుగుతుంది. కడిగి వాసన చూసుకుంటుంది. మళ్ళీ కడుగుతుంది. ఇంటిదాన్ని కనుక నా చూపు నీళ్ళ మీద ఉండేది. "తొట్టి ఖాళీ అయిపోతోందమ్మాయ్" అని ఒకసారి అన్నాను. "ఈ చేతులతో వచ్చి మీ ఉప్పు డబ్బాలో వేలు పెట్టమంటారా పిన్నీ?" అంది. మళ్ళీ నీళ్ళ మాట ఎత్తలేదు నేను.

ఆ కోపం ఎక్కడ పుట్టిందో కూడా నేను తవ్వి తీశాను. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి కాస్త మిరపతోట ఉండేదట. పురుగు పడితే మందు తెచ్చి కొట్టాడు. పురుగు చావలేదు. మళ్ళీ తెచ్చి కొట్టాడు. పురుగు ఇంకా ఒళ్ళు చేసింది. ఆకంతా జల్లెడ అయ్యాక ఖాళీ సీసా పట్టుకుని దుకాణానికి వెళ్ళాడు, వెనకాల ఈ పిల్ల. దుకాణంవాడు సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "మందు మంచిదే, నీ పురుగే మొండిది" అన్నాడట. అక్కడున్నవాళ్ళు పగలబడి నవ్వారట.

"నాన్న కూడా నవ్వాడు పిన్నీ. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు" అంది. అప్పుడు డాబా మీద దుప్పటి పిండుతోంది. ఆ దుప్పటిని చూసి నాకు జాలేసింది, దుకాణంవాడి మెడ అనుకుని పిండుతున్నట్టు ఉంది.

ఆ సీసాలో ఉన్నది రంగునీళ్ళని ఆమెకి చదువుకున్నాక అర్థమైంది. అందుకే ఆ చదువు చదివింది, ఆ ఉద్యోగమే కావాలని పట్టుబట్టి తెచ్చుకుంది.

ఒకరోజు టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్ళింది. టైలర్ ఇచ్చొస్తానని లేచాడు. "నువ్వు కుట్టుకో నాయనా" అని డబ్బా నేను లాక్కున్నాను. లోపల ఏముంటుందో చూడాలని ఎన్నాళ్ళుగానో మనసు పీకుతోంది.

చూశాను. పొడుగాటి వసారా, రెండు వైపులా గదులు, ముక్కులోకి సూదిలా దిగే వాసన. ఆ వాసన బయటికి లాగాల్సిన ఫ్యాను ఆగిపోయి చాలా కాలమైందట, దాని రెక్కల మధ్య సాలీడు గూడు కట్టుకుంది. పురుగుమందుల ఇంట్లో సాలీడా అని నేను నవ్వితే, "ఈ ఆఫీసులో ఆరోగ్యంగా ఉన్నది అదొక్కటే" అంది చిటపట. ఆమె తెల్లకోటు నిండా చిల్లులు. మొగుడు టైలర్ అయ్యుండి ఇదేమిటే అంటే, "యాసిడ్ చుక్క పడి రోజుకొకటి తయారవుతుంది, ఎన్నని కుడతాడు?" అంది.

దుకాణాల్లోంచి ఇన్‌స్పెక్టర్లు తెచ్చిన మందులు లక్క ముద్రలు వేసిన గుడ్డసంచుల్లో వస్తాయి. లోపలికి పంపేముందు కంపెనీ పేరు తీసేసి ఒక నంబరు వేస్తారు, ఎవరి మందో పరీక్ష చేసేవాళ్ళకి తెలియకూడదని. ఒక గాజుగొట్టంలో నీళ్ళూ మందూ కలిపి ఊపితే పాలలా అయింది. "కాసేపటికి పైన మీగడ కట్టిందంటే మందు నీళ్ళలో సరిగ్గా కలవదని లెక్క. తోటలో సగం మొక్కలకి మందు, సగం మొక్కలకి నీళ్ళు పడతాయి" అని చెప్పింది. ఇంకో గదిలో ఒక మిషను ఉంది. సన్నటి సూదితో దానిలోకి చుక్క మందు ఎక్కిస్తే, తెర మీద గీత పాకుతూ పోయి ఒకచోట గుట్టలా లేస్తుంది. ఒక్కో మందుకి ఒక్కో చోట గుట్ట. ఎక్కడ లేచిందో చూస్తే మందేమిటో తెలుస్తుంది, ఎంత లేచిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది.

"అయితే సీసాలో ఏముందో మొత్తం చెప్పేస్తుందన్నమాట" అన్నాను.

"మొత్తం కాదు. లేబుల్ మీద ఏం రాశారో అది ఉందా, రాసినంత ఉందా, అంతవరకే మా పని."

"రాయనిది కలిపితే?"

"రాయనివి వందలున్నాయి పిన్నీ, దేన్నని వెతుకుతాం? మీరు డబ్బా ఇచ్చి వెళ్ళండి, సార్ చూస్తే నన్ను తింటాడు."

నేను వచ్చేశాను. కానీ ఇంటిదాకా ఆ మాట నాకు నచ్చలేదు. దొంగ చెప్పిన జేబులోనే వెతికే పోలీసుని ఎక్కడైనా చూశామా?

కొన్నాళ్ళకి మా తమ్ముడి కొడుకు ఆసుపత్రిలో పడ్డాడని కబురొచ్చింది. వాడు పంపు వీపుకి తగిలించుకుని కూలికి తోటలకి మందు కొడతాడు. మహా వాగుడుకాయ. "నాకు ఇద్దరు పెళ్ళాలత్తా, ఇంట్లో ఒకతి, వీపు మీద ఒకతి. వీపు మీదిదే నయం, మూత బిగిస్తే నోరు మూసుకుంటుంది" అని పెళ్ళాం ముందే అంటాడు. ఆ పిల్ల గరిటె తీసుకుని వెంట పడుతుంది. అదీ వాళ్ళ కాపురం. ఎంత వాగినా పనిలో మాత్రం జాగ్రత్త ఉన్నవాడు. ముక్కుకీ మూతికీ గుడ్డ, చేతులకి తొడుగులు లేకుండా పంపు ఎత్తడు.

ఆరోజు అవేవీ లేకుండా కొట్టాడు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ, కింద 'మొక్కల సారం' అని ఉంది. ఎండ మండిపోతోంది, ఆకు రసానికి గుడ్డ దేనికని విప్పి నడుముకి చుట్టుకున్నాడు. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమట, నోట్లో ఆగని లాలాజలం, కళ్ళకి మసక. మొక్కల మధ్యే బోర్లా పడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరు కంట్లో లైటు వేసి చూసి ఇది విషమే అన్నాడు. సూదులు వేశాడు, ప్రాణం నిలబెట్టాడు. ఆయన్ని నేనేమీ అనను. కానీ ఏ మందు కొట్టాడని అడిగితే అందరూ ఆ ఆకు బొమ్మ సీసా చూపించారు. ఆయన లేబుల్ చదివి తల అడ్డంగా ఊపాడు. "దీనివల్ల ఇలా కాదు. ఇంకేదో తాగాడు. ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా?" అన్నాడు.

అంతే. ఆ ఒక్క ప్రశ్న అక్కడినుంచి కాళ్ళు తెచ్చుకుని ఊరంతా తిరిగింది. పెళ్ళాం పోరు పడలేక తాగాడన్నారు. గరిటె తీసుకుని వెంట పడటం మేం చూశాం కదా అన్నారు. మా తమ్ముడి భార్య, ఆ పిల్ల అత్తగారు, కొడుకు మంచం దగ్గరికి కోడల్ని రానివ్వలేదు. వాడు కళ్ళు తెరిచి, "నేనేమీ తాగలేదే అమ్మా" అంటే, "పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడు పిచ్చినాయన" అని ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రి నుంచి పంపేయగానే ఇద్దర్నీ మా ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. వాడు పెరట్లో మంచం మీద కూర్చుని టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. అయినా తొణికేది. ఆ పిల్ల పక్కన నిలబడి తుడిచేది. ఇద్దరూ ఒక్క హాస్యమూ ఆడేవారు కాదు.

ఒక సాయంత్రం నేనే రెచ్చగొట్టాను. "ఇన్నేళ్ళుగా మందు కొడుతున్నావు, ఆకు బొమ్మ చూసి గుడ్డ విప్పుతావుట్రా? బుర్ర ఎక్కడ పెట్టుకున్నావు?"

"బొమ్మ చూసి కాదత్తా. దుకాణంలో గోడకి ప్రభుత్వం కాగితం అంటించాడు. ఈ మందు పరీక్షలో పాసయిందని. పసిపిల్లలు తాగినా ఏం కాదు, కావాలంటే చదువుకో అన్నాడు. కింద ముద్ర కూడా ఉంది, సంతకం కూడా ఉంది."

"ఎవరి సంతకం?"

"నాకేం తెలుసు? పొడుగ్గా సాగదీసి, చివర్న పక్షి తోకలా ఒక మెలిక."

మెట్ల కింద పంపు దగ్గర చిటపట చేతులు కడుగుతోంది. సబ్బు నురగ మోచేతుల మీద అలాగే ఉంది. పంపు కట్టకుండా, మా వైపు చూడకుండా మేడెక్కి వెళ్ళిపోయింది. టైలర్ లేచి వచ్చి పంపు కట్టేసి, తడి మెట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. అద్దె కాగితం మీద ఆమె సంతకం చివర ఆ పక్షి తోకని నేనూ చూశాను.

మర్నాడు పొద్దున్నే దిగి, "ఆ సీసాలో ఏమైనా మిగిలిందా?" అని అడిగింది. అడుగున కొంచెం ఉంది. కవరులో చుట్టి తీసుకెళ్ళింది. సాయంత్రం వచ్చాక చేతులు కడుక్కుని, నేరుగా మావాడి మంచం ముందుకొచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ సంతకం నాదే తమ్ముడూ. సీసాలో ప్రొఫెనోఫాస్ ఉంది. మొక్కల సారం ఉంది, దానితోపాటు అది కూడా కలిపారు. ఆకు రసంతో పురుగు తొందరగా చావదు కాబట్టి, ఆ రసమే వెంటనే చంపినట్టు కనపడాలని."

మావాడికి ఆ పురుగుమందు పేరు కొత్త కాదు. "అది కొట్టేటప్పుడు నేను కళ్ళజోడు కూడా పెట్టుకుంటానక్కా" అన్నాడు.

"తెలుసు. నా తప్పేమిటో కూడా విను. ఆ నమూనా పెట్టినప్పుడు తెర మీద రెండు గుట్టలు లేచాయి. ఒకటి రాసిన చోట, ఇంకోటి ప్రొఫెనోఫాస్ చోట. పురుగు పట్టే కాలంలో మాకు రోజూ వచ్చేవి ప్రొఫెనోఫాస్ నమూనాలే. ముందు పెట్టిన మందు సూదిలో మిగిలిపోతే తర్వాతి దానిలో దాని గుట్ట లేవడం మామూలే. అదే అనుకున్నాను. సూది కడిగి మళ్ళీ పెట్టాను, మళ్ళీ లేచింది. మిషను గొట్టంలో మురికి పట్టిందనుకుని, శుభ్రం చేయించమని చెప్పాను. మురికి వల్ల వచ్చిందని ఆ గుట్టని లెక్కలోంచి తీసేసి, రాసింది రాసినంత ఉందని సంతకం పెట్టాను. మందేమీ కలపని ఉత్త ద్రావకం ఒక్కసారి పెట్టి, అప్పుడూ గుట్ట లేస్తుందా అని చూసుంటే తెలిసిపోయేది. మిషను శుభ్రంగానే ఉంది. మురికి సీసాలో ఉంది."

మావాడు మంచం అంచుకి జరిగి కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "నువ్వు సూది మురికనుకున్నావు. మా అమ్మ నా పెళ్ళాన్ని మురికనుకుంది. అందరూ కడుగుతూనే ఉన్నారక్కా, ఎవరూ సీసా వంక చూడలేదు."

వాడి పెళ్ళాం ముందుకొచ్చింది. "అయితే ఆ మాట కాగితం మీద రాసివ్వండి. నేను తీసుకెళ్ళి మా అత్తగారి ముందు పెడతాను."

అక్కడ తగిలింది చిక్కు. ప్రయోగశాల పెద్దాయన కుదరదన్నాడట. మందు ఫెయిలయితే కంపెనీవాడు మళ్ళీ పరీక్ష అడగొచ్చు, దానికి రూలుంది. పాసయితే మళ్ళీ పరీక్ష చెయ్యడానికి రూలు లేదు. పాసయ్యాక ఇంక ఎవరికి కష్టం అన్నాడట! ఎవరికి కష్టమో వాడు మా పెరట్లో మంచం మీద కూర్చుని టీ ఒలకబోసుకుంటున్నాడు, వచ్చి చూసుకోమనండి.

"దారి లేదా?" అన్నాను.

"బయటివాళ్ళు ఎవరైనా సీసా తెచ్చి పరీక్ష అడగొచ్చు" అంది చిటపట. "కానీ..."

"ఇంక కానీలు వద్దు."

మర్నాడు అదే మందు మూత తీయని సీసా ఒకటి తెప్పించి చంకలో పెట్టుకుని నేనే వెళ్ళాను. కిటికీ దగ్గర గుమస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏం పరీక్ష కావాలమ్మా?"

"ఇందులో ఏముందో చెప్పాలి."

"అలా అడగకూడదు. ఏ మందు కోసం చూడాలో పేరు చెప్పాలి. లేబుల్ మీద ఉన్నదే రాసుకోనా?"

"అది ఉందని మీరే చెప్పారుగా. ఇంకేముందో చూడండి."

"ఇంకేముందో అనే పేరుతో మందు లేదమ్మా."

చూశారా సంగతి! విషం పేరు ముందే తెలిసినవాడికే విషం ఉందో లేదో చెబుతారట. అది తెలిసుంటే మావాడు ఆ సీసా ముట్టుకునేవాడా? చిటపట 'కానీ' అన్నది దీనికే. రాత్రి నాచేత ఆ పేరు పాఠంలా వల్లె వేయించింది.

"ప్రొఫెనోఫాస్" అన్నాను.

గుమస్తా కలం ఆగింది. లోపలికెళ్ళి పెద్దాయన్ని తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. నాకు మెత్తటి గొంతులంటే భయం.

"అమ్మా, ఈ మందు మా దగ్గర పాసయిందే" అన్నాడు.

"పాసయిన మందు కొట్టి మావాడు పడిపోయాడు బాబూ."

"మనిషి పడిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. ఎండ, నీరసం... ఇంటి విషయాలు కూడా ఉంటాయి."

ఆ మాటతో నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంటి విషయాలు నాకు తెలుసు. సీసా విషయం మీరు చెప్పండి. ఎవరి డబ్బుతో మీకు జీతమొస్తోందిక్కడ?"

నా గొంతుకి వసారా పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. చిల్లుల కోటుతో చిటపట బయటికొచ్చింది.

"తీసుకోండి సార్. తీసుకోకపోతే ఆవిడ ఇక్కడే కాపురం పెడుతుంది. నేను ఆవిడ ఇంట్లో అద్దెకుంటున్నాను, నాకు తెలుసు."

పెద్దాయన ఆమెని పక్కకి పిలిచాడు. నేనూ పక్కకి జరిగాను, వినపడాలి కదా. "తీసుకుంటాం. కానీ ఇంకొకరు చేస్తారు. నీ సంతకంతో పాసయింది, మళ్ళీ నీ సంతకంతోనే ఫెయిలయితే నిన్నే తప్పుపడతారు. నీ మంచికే చెబుతున్నాను."

"ఇంకొకరు సంతకం పెడితే వాళ్ళకీ నాకూ అభిప్రాయభేదం అంటారు సార్. రెండేళ్ళు వాదించుకుంటారు, సీసాలు అమ్ముడుపోతాయి. నాది తప్పని నేనంటేనే తప్పవుతుంది."

"ఉద్యోగం అనుకున్నావా, మొండితనం అనుకున్నావా?"

"పురుగు మొండిదనుకోండి సార్" అని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దాయనకి అర్థం కాలేదు.

ఆమే చేసింది. ప్రొఫెనోఫాస్ ఉందని, ఎంతుందో కొలిచి, మొదటి పరీక్షలో తాను ఎక్కడ పొరపడిందో కూడా రాసి, పక్షి తోక మెలిక పెట్టింది. ఒక కాపీ ఇన్‌స్పెక్టరుకి వెళ్ళింది, ఒకటి నా చేతికొచ్చింది. మావాడి పెళ్ళాం ఆ కాపీ పట్టుకుని అత్తగారి ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, వాకిట్లో జనం పోగయ్యేదాకా ఆగి, గట్టిగా చదివి వచ్చింది. లోపలికి రమ్మని మా తమ్ముడి భార్య ఎంత బతిమాలినా వెళ్ళలేదట. మంచి పని చేసింది.

ఇంక ఆ సీసాలు దుకాణాల్లోంచి తీసేస్తారనుకున్నాం. రెండు వారాలు చూశాం. తీయలేదు. ఇన్‌స్పెక్టరు ఉత్తర్వుల కోసం చూస్తున్నానన్నాడట. మావాడి తోటి పనివాడొకడు వాణ్ణి చూడటానికొచ్చి, "నేనూ అదే కొడుతున్నాను. ఎడమకన్ను అదురుతోంది, నిద్ర చాలక అనుకుంటా" అన్నాడు. అది చిటపట వింది.

పైకెళ్ళి చెప్పులు మార్చుకుని వచ్చింది. "దుకాణం ఎక్కడ?" అంది. మావాడు దారి చూపిస్తానని లేచాడు. నన్ను ఎవరూ పిలవలేదు, నేను ముందే గేటు దగ్గరున్నాను.

మావాడు ఆ వాసన పడక దుకాణం మెట్ల దగ్గరే ఆగిపోయాడు. లోపల గల్లాపెట్టె వెనక గోడ మీద, ప్లాస్టిక్ తొడుగులో, పూలదండ వెయ్యడం ఒక్కటే తక్కువగా, ఆమె మొదటి కాగితం వేలాడుతోంది. ఒక ముసలాయన ఆకు బొమ్మ సీసా కొనడానికి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ కాగితం తీసెయ్యండి" అంది చిటపట.

"మీరెవరమ్మా?"

"కింద సంతకం నాది."

దుకాణంవాడు లేచి నిలబడ్డాడు, దండం పెట్టాడు. "మేడమ్‌గారా! మీ చలవ వల్ల మందు బ్రహ్మాండంగా పోతోంది. కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఆమె మొహం నేను చూశాను. అలాంటి కోపం నేను ఆమెలో కూడా ఎప్పుడూ చూడలేదు. చప్పుడు లేదు, చిటపట లేదు. గల్లాపెట్టె పక్కనుంచి లోపలికి వెళ్ళి, కాగితం తొడుగుతో సహా పీకి, తొడుగు చిరగకపోతే కాగితం బయటికి లాగి నిలువునా చింపింది.

"ప్రభుత్వ కాగితం చింపుతారా! కేసు పెడతాను!"

"పెట్టు."

చేతిలో సీసాతో ఆ ముసలాయన బిత్తరపోయి చూస్తున్నాడు. "ఇందులో ఏముందమ్మా?" అన్నాడు. ఆమె చెప్పింది. పేరు చెప్పింది, ఒంటికి ఏం చేస్తుందో చెప్పింది, మెట్ల దగ్గర నిలబడ్డ మావాడి చేతులు చూడమంది. ఆయన చూసి సీసా బల్ల మీద పెట్టి, ఆ చెయ్యి పంచెకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. దుకాణంవాడు ఆ సీసాని గుడ్డతో తుడిచి, ఏమీ జరగనట్టు మళ్ళీ అలమరలో పెట్టాడు.

అప్పుడామె బయటికొచ్చి, గుమ్మం పక్కనున్న ఎరువు బస్తాల మీద కూర్చుంది. "ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా లేవను" అంది. నేనూ ఇంకో బస్తా ఎక్కాను. వచ్చిన ప్రతి మనిషికీ ఆమె మొదటి నుంచి చెప్పడం, ఆమెకి గొంతు పోయినప్పుడు నేను చెప్పడం. నాకు ఆ పేరు ఇప్పుడు నిద్రలో లేపినా వస్తుంది. దుకాణంవాడు షట్టరు సగం దించి, మళ్ళీ ఎత్తి, ఎవరికో ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం టైలర్ అన్నం డబ్బాలు తెచ్చి, పెళ్ళాం పక్కన బస్తా మీద తనూ కూర్చున్నాడు. చేతిలో కుట్టాల్సిన చొక్కా ఉంది, అక్కడే గుండీలు కుట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఉత్తర్వు వచ్చిందట, రేపు వద్దామనుకున్నాడట. రేపటిదాకా ఎన్ని సీసాలు పోతాయో అడిగితే నా వంక కోపంగా చూశాడు. ఆకు బొమ్మ సీసాలన్నీ పెట్టెల్లోకి ఎక్కించి లక్క ముద్రలు వేసేదాకా చిటపట కదల్లేదు. మావాడు మెట్ల మీద నుంచే ఒక్కో పెట్టెనీ చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు వాడు ఆమెతో మాట్లాడలేదు. ఇప్పటికీ అవసరమైతే తప్ప మాట్లాడడు. మాట్లాడమని నేనూ వాడికి చెప్పను, ఆమే చెప్పొద్దంది.

ప్రభుత్వ కాగితం చింపినందుకు ఆమె మీద ఇప్పుడు విచారణ జరుగుతోంది. మిషను గదిలోకి రానివ్వడం లేదు, నమూనాల సంచులు అందుకునే గదిలో కూర్చోబెట్టారు. ఆ ఫ్యాను మాత్రం ఇంకా తిరగడం లేదట. ఆకు రసంలో విషం కలిపినవాడి మీద విచారణ ఏదైనా జరుగుతోందా అని నేను వారానికొకసారి ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి అడుగుతున్నాను. అది తమ పరిధిలోది కాదంటున్నాడు గుమస్తా. ఎవరి పరిధో పేరు చెప్పమంటున్నాను. ఆ పేరు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.